చంచు సంరక్షణ – పంజరపు పక్షి నేర్పిన పాఠం

మన సాహిత్యంలో చిలుకకు దక్కిన గౌరవం మరే పక్షికీ దక్కలేదని చెప్పవచ్చు. మన్మథునికి వాహనం చిలుక. సంస్కృతంలోని శుకసప్తతి కథలను తెలుగులో పాలవేకరి కదిరీపతి కావ్యంగా సంతరించాడు. అదే కథావృక్షపు మరొక కొమ్మ పారసీక భాషలోనికి ప్రాకి, పదునాలుగవ శతాబ్దిలో నఖ్షబీ చేతిలో తూతీనామా అయినది. గోల్కొండ కవి గవ్వాసీ 1639లో దానిని దక్కనీ ఉర్దూలోనికి తెచ్చాడు. ఈ విధంగా తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోను చిలుక రాత్రికొక కథ చెప్పి గృహిణిని గడప దాటనీయలేదు. అయితే అన్ని కథలు చెప్పిన ఆ పక్షి ముక్కు ఎట్టి స్థితిలో ఉన్నదో, అది గింజను ఒలుచుకొని తినగలుగుతున్నదో లేదో ఏ కథకుడూ అడుగలేదు. మన ఇండ్లలోని పంజరపు పక్షుల విషయంలో మనమూ ఆ ప్రశ్న వేసుకోవడం లేదు.

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకంలో ఎదురు కాలేదు. సిద్దిపేట జిల్లా రాయపోల్‌లోని మా ఇంటి వసారాలో ఎదురైనది.

మా తమ్ముడు హైదరాబాదు నుండి ఒక జత చిన్న పక్షులను కొని తెచ్చాడు. అమ్మినవారు వాటిని 'లవ్ బర్డ్స్' అన్నారు. మన ఊళ్ళలో అందరూ పలికే పేరు అదే. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండపు పక్షులు. మన ఇండ్లలో ఆ పేరుతో కనిపించేవి చాలావరకు ఆస్ట్రేలియా గడ్డిమైదానాలకు చెందిన బడ్జెరిగార్లు. వాటికి పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు పోసి నీళ్ళు పెట్టడం తప్ప మాకు మరేమీ తెలియదు. ఏడాది గడిచేసరికి ఆడపక్షి పై ముక్కు గడ్డం దాటి రొమ్ము ఈకలను తాకింది. గింజను పట్టుకోబోయి అది జారవిడిచేది. "గోరు పెరిగితే కోయమా? ఇదీ అంతే" అని ఎవరో అన్నారు. నేను గోళ్ళు తీసే కత్తెరతో కొన కత్తిరించాను. రక్తం వచ్చింది. దూది అదిమి పట్టగా చాలాసేపటికి గాని ఆగలేదు. ఆ రోజంతా పక్షి ఈకలు ఉబ్బించుకొని ఒక మూలన కూర్చున్నది.

ఆరు వారాలు తిరిగేసరికి ముక్కు మళ్ళీ అంత పెరిగింది. ఈసారి దాని మీద నల్లని మచ్చ కూడ కనిపించింది. మా ఇంటి వెనుక మక్కచేను గల వృద్ధుడొకాయన దాదీమాను పలకరించడానికి వచ్చి, పంజరం వైపు కాసేపు చూచి, "చెట్టు మీది చిలుకకు ఎవడు కోస్తున్నడు బిడ్డా ముక్కు?" అని అడిగాడు. నా వద్ద జవాబు లేదు. తరువాత గజ్వేల్ మీదుగా హైదరాబాదుకు తీసికొనిపోయి పక్షులను పరీక్షించే వైద్యునికి చూపగా, జబ్బు ముక్కులో లేదనీ కాలేయంలో ఉన్నదనీ ఆయన చెప్పాడు. పదిరోజులకు ఆ పక్షి చనిపోయింది. ఆ వృద్ధుని ప్రశ్నకు జవాబు వెదకే ప్రయత్నమే ఈ వ్యాసం.

చంచువు నిర్మాణం

పక్షి ముక్కు గోరు వంటిదని అనుకోవడం సగం నిజం, సగం పొరపాటు. పై తొడుగు మాత్రమే గోరు వంటిది. మన గోళ్ళు, వెంట్రుకలు, పశువుల కొమ్ముల పై తొడుగు ఏ కోవకు చెందిన పదార్థంతో ఏర్పడినవో, చంచువు తొడుగు కూడ ఆ కోవకు చెందిన కెరాటిన్ అనే మాంసకృత్తుతోనే ఏర్పడింది. ఆ తొడుగు క్రింద సజీవమైన పలుచని చర్మపు పొర ఉన్నది. అందులో రక్తనాళాలు, నరాలు వ్యాపించి ఉంటాయి. ఆ పొరకు ఆధారంగా లోపల ఎముక ఉన్నది. ఎగిరే ప్రాణికి బరువు పనికిరాదు గనుక ఆ ఎముక లోపల గుల్లగా, తేలికగా ఉంటుంది. కనుక చంచువును గోరుతో కాక, గోరుతో కూడిన వ్రేలితో పోల్చడం సమంజసం.

చిలుక జాతి పక్షులలో మరొక విశేషం ఉన్నది. వాటి పై ముక్కు పుర్రెకు బిగిసిపోయి ఉండక కీలు మీద కదలినట్లు కదులుతుంది. కొక్కెం వంటి పై ముక్కు, ఉలి వంటి క్రింది ముక్కు, మందమైన నాలుక – ఈ మూడూ కలిసి గింజను త్రిప్పి, పొట్టును ఒలిచి, పప్పును మాత్రమే లోపలికి పంపుతాయి. కొమ్మలెక్కేటప్పుడు ముక్కు మూడవ కాలుగా ఉపయోగపడుతుంది. ఈకలు దువ్వుకొనడానికి, పిల్లలకు మేత అందించడానికి, శత్రువును ఎదిరించడానికి కూడ అదే సాధనం. ముక్కు కొన లోపలి వైపున స్పర్శను గ్రహించే సూక్ష్మమైన నాడీ అవయవాలు బారులు తీరి ఉంటాయి. మనకు వ్రేళ్ళ కొనలు ఎంత సున్నితమైనవో చిలుకకు ముక్కు కొన అంత సున్నితమైనది.

ముక్కు కొలతలో స్వల్పమైన భేదం సైతం ప్రాణాన్ని నిలుపగలదు, తీయగలదు. పసిఫిక్ సముద్రంలోని గలపాగస్ దీవులలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుండి చిన్న పిచ్చుకల వంటి ఫించ్ పక్షులను ఏళ్ళ తరబడి పరిశీలించారు. 1977 నాటి కరువులో మెత్తని చిన్న గింజలు తరిగిపోగా, గట్టి గింజలను పగులగొట్టగల దళసరి ముక్కు గల పక్షులే ఎక్కువగా మిగిలాయి. చనిపోయిన వాటికీ బ్రతికిన వాటికీ మధ్య ముక్కు మందంలో సగటు భేదం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే.

పెరుగుదల – అరుగుదల

చంచువు తొడుగు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. క్రింది సజీవ పొర నుండి కొత్త కెరాటిన్ పుట్టి, క్రమంగా కొన వైపుకు జరుగుతుంది. కొన్ని నెలల వ్యవధిలో పాత తొడుగు పోయి పూర్తిగా కొత్త తొడుగు వస్తుంది. పెరిగినదంతా నిలిచిపోతే ఏ పక్షీ బ్రతుకజాలదు. కనుక పెరుగుదలకు సరిసమానంగా అరుగుదల కూడ ఉండాలి. ఆరోగ్యవంతమైన పక్షిలో ఈ రెండింటికీ జమాఖర్చు సరిపోతుంది.

మా రాయపోల్ చేలలో వచ్చే రామచిలుకను గమనిస్తే ఈ జమాఖర్చు కంటికి కనిపిస్తుంది. మంచె మీద కావలి ఉన్నవాడు వడిసెల త్రిప్పేలోగా అది మక్కకంకి పొత్తును చీల్చి గింజ పెకలిస్తుంది. తరువాత వేపచెట్టెక్కి బెరడు కొరుకుతుంది. ముక్కును కొమ్మకు ఈ ప్రక్క ఒకసారి, ఆ ప్రక్క ఒకసారి రాస్తుంది. గూడు కోసం చెట్టు తొర్రను ముక్కుతోనే వెడల్పు చేస్తుంది. ప్రొద్దుటి నుండి సాయంకాలం దాకా దాని ముక్కుకు పని ఉంటుంది.

రాత్రి నిద్రకు ముందు చిలుక జాతి పక్షులు పై ముక్కు లోపలి గరుకు చాళ్ళకు క్రింది ముక్కును రాచుకొంటాయి. పంజరం నుండి కరకరమని సన్నని చప్పుడు వినిపిస్తుంది. నిద్రలో పళ్ళు కొరికే పిల్లవానికి కడుపులో పురుగులున్నాయని పెద్దలు అనుకొన్నట్లు, ఆ చప్పుడు విని పక్షికేదో జబ్బు చేసిందని కొందరు భయపడతారు. నిజానికి అది నిశ్చింతగా ఉన్న పక్షి చేసే చప్పుడు. ముక్కు అంచులు పదునుగా, సమంగా నిలవడానికి ఆ నూరుడు ఎంతో తోడ్పడుతుంది.

ఈ జమాఖర్చు తప్పినపుడు అడవిలోని పక్షికి సైతం రక్షణ లేదు. ఉత్తర అమెరికాలోని అలాస్కా ప్రాంతంలో 1990వ దశకం చివరి నుండి చికడీ అనే చిన్న పక్షులలో ముక్కులు విపరీతంగా పెరిగి, ఒకదాని మీద ఒకటి పెనవేసుకొని పోవడం శాస్త్రజ్ఞులు గమనించారు. అట్టి పక్షి తినలేదు, ఈకలు దువ్వుకోలేదు. చలికి తట్టుకోలేక చనిపోతుంది. 2016లో ఈ వ్యాధితో సంబంధమున్న ఒక కొత్త వైరసును కనుగొన్నారు. ముక్కు పెరగడం అందచందాల సమస్య కాదనడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

అతివృద్ధికి కారణాలు

పంజరపు పక్షి ముక్కు మితిమీరి పెరగడానికి కారణాలు అనేకం. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది కాలేయవ్యాధి. బడ్జెరిగార్లలో ఇది తరచుగా కనిపించే కారణం. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం నూనె ఉంటుంది. అదే మేత నిత్యం తిని, ఎగరడానికి చోటు లేక కూర్చున్న పక్షి కాలేయంలో క్రొవ్వు పేరుకుంటుంది. కెరాటిన్ మాంసకృత్తు గనుక, మాంసకృత్తుల వ్యవహారాన్ని చక్కబెట్టే కాలేయం చెడినపుడు తొడుగు పెళుసుగా, అస్తవ్యస్తంగా, వేగంగా పెరుగుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు కూడ కాలేయంలోనే తయారవుతాయి. అవి తగ్గినపుడు ముక్కు మీద, గోళ్ళ మీద నెత్తురు కమిలిన నల్లని మచ్చలు ఏర్పడతాయి. మా పక్షి ముక్కు మీది మచ్చ అదే. ఇక్కడ ఒక ముఖ్యవిషయం గుర్తుంచుకోవాలి. ఏ పక్షి ముక్కు పెరిగిందని మనం కత్తెర పట్టుకొంటామో, గాయమైతే రక్తం ఆగని పక్షి తరచు అదే.

రెండవది పరాన్నజీవులు. కంటికి కనిపించనంత చిన్నవైన గజ్జిపురుగులు బడ్జెరిగార్ ముక్కు మొదట, కండ్ల చుట్టూ, కాళ్ళ మీద సొరంగాలు త్రవ్వుతాయి. అక్కడ తేనెపట్టును పోలిన తెల్లని గరుకు పొక్కు కడుతుంది. ఉపేక్షిస్తే ముక్కు వంకర తిరుగుతుంది. దీనికి చక్కని మందులున్నాయి. వైద్యుడు పక్షి బరువును బట్టి మోతాదు నిర్ణయించి ఇస్తే నయమవుతుంది. కిరోసిన్, యంత్రాల నూనె వంటివి పూయడం ప్రాణాపాయకరం.

మూడవది పోషకాహార లోపం. విటమిన్ 'ఎ' చాలనపుడు చర్మం, తొడుగు పొరలు పొరలుగా లేచి వికృతమవుతాయి. కేవలం గింజల మీద బ్రతికే పక్షికి ఈ లోపం తప్పదు. సున్నము, విటమిన్ 'డి' చాలని పిల్లపక్షులలో ముక్కు మెత్తబడి వంగిపోతుంది.

నాలుగవది దెబ్బ. తిరిగే ఫ్యానుకు, గాజు కిటికీకి కొట్టుకొనడం వలన గాని, వేరొక పక్షి కరవడం వలన గాని సజీవ పొర గాయపడితే అక్కడి నుండి పుట్టే తొడుగు శాశ్వతంగా వంకర కావచ్చు. పై క్రింది ముక్కులు కత్తెర ఆకుల వలె ప్రక్కలకు తప్పుకొంటే ఒకదానినొకటి అరగదీసుకోలేవు. అట్టి పక్షికి జీవితాంతం వైద్యుని సహాయం కావాలి.

ఐదవది అంటువ్యాధి. ముక్కును, ఈకలను కలిపి చెరిచే వైరస్ వ్యాధి ఒకటి ఆస్ట్రేలియా కాకటూలలో ప్రసిద్ధం. అది బడ్జెరిగార్లకు, లవ్ బర్డ్స్‌కు కూడ సోకుతుంది. ఈకలు రాలి, కొత్త ఈకలు వంకరగా వస్తూ, ముక్కు కూడ చెడిపోతున్నట్లయితే ఆ పక్షిని తక్షణం ఇతర పక్షుల నుండి వేరు చేయాలి.

ఆరవది పని లేకపోవడం. నున్నని ప్లాస్టిక్ పుల్ల మీద కూర్చొని, గిన్నెలో పోసిన గింజ తిని, కొరకడానికి ఏమీ లేని పక్షికి అరుగుదల తగ్గుతుంది. అయితే పుల్ల మార్చినంత మాత్రాన అన్ని ముక్కులూ చక్కబడవు. ముక్కు అకస్మాత్తుగా పెరిగినపుడు మొదట వ్యాధిని అనుమానించడమే వివేకం.

కత్తిరింపులోని ప్రమాదం

బడ్జెరిగార్ బరువు సాధారణంగా 30 నుండి 40 గ్రాములు. పక్షి దేహంలోని రక్తం దాని బరువులో సుమారు పదోవంతు ఉంటుంది. 35 గ్రాముల పక్షిలో ఉన్న రక్తమంతా కలిపితే మూడున్నర మిల్లీలీటర్లు. లెక్కకు డెబ్బది చుక్కలు. ఆరోగ్యంగా ఉన్న పక్షి ఏడు చుక్కల వరకు నష్టాన్ని సాధారణంగా తట్టుకోగలదు. జబ్బుపడిన పక్షికి ఆ మాత్రం ఓపిక కూడ ఉండదు. మనకు ఒక వ్రేలి కోతలో పోయే రక్తం దానికి ప్రాణం ఖరీదు.

రెండవ ప్రమాదం పట్టుకొనడంలో ఉన్నది. పక్షికి మనకున్నట్లు రొమ్మును, కడుపును వేరుచేసే ఊపిరి కండరపు పొర లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనుకకూ కదలినపుడే దానికి ఊపిరి ఆడుతుంది. కదలకుండా ఉండాలని పిడికిట రొమ్మును బిగించి పట్టుకొంటే అది ఊపిరాడక చనిపోతుంది. ముక్కు కొస్తుండగా భయంతో పక్షి చచ్చిపోయిందని చెప్పే సందర్భాలలో కొన్నింటికి కారణం భయం కాదు, పిడికిలి.

మూడవది కత్తెర. కత్తెర తొడుగును నొక్కి త్రుంచుతుంది. అందువలన చీలిక నిలువునా సజీవ పొర దాకా పోవచ్చు. వైద్యులు సామాన్యంగా దంతవైద్యుని పరికరం వంటి చిన్న తిరుగుడు ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తారు. వేడి పుట్టకుండా మధ్య మధ్య ఆపుతారు. అంతకుముందు పక్షి బరువు చూచి, కాలేయ స్థితి గమనించి, ఎంత తీయవచ్చునో నిర్ణయిస్తారు. ఒకేసారి పూర్తి కొలతకు తేవాలని పట్టుపట్టరు.

అనుకోకుండా ముక్కు కొన విరిగి రక్తం వస్తే, శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి పట్టి, మక్కపిండి గాని గోధుమపిండి గాని గాయం కొన మీద అద్దాలి. ముక్కు రంధ్రాలలోనికి, నోటిలోనికి పోనీయరాదు. పంజరాన్ని వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచి వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవాలి. మండల పశువైద్యశాలలు ముఖ్యంగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసం ఏర్పడినవి. అయినా మొదట అక్కడ చూపి సలహా పొందవచ్చును. చిన్న పక్షులకు ప్రత్యేక పరీక్ష అవసరమైతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నది.

కోళ్ళ పరిశ్రమ చెప్పే సాక్ష్యం

ముక్కు కోస్తే నిజంగా నొప్పి ఉంటుందా అని అడిగేవారికి కోళ్ళ పరిశ్రమ అనుభవమే జవాబు. మన సిద్దిపేట, గజ్వేల్ ప్రాంతాలలో కోళ్ళ షెడ్లు అందరికీ పరిచితమే. గ్రుడ్ల కోళ్ళు ఇరుకులో ఒకదానినొకటి పొడుచుకొని చంపుకోకుండా, పిల్లలుగా ఉన్నపుడే కాల్చిన బ్లేడుతో ముక్కు కొన తీసివేయడం ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. 1985లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు అట్టి కోళ్ళ ముక్కులను పరీక్షించి, తెగిన నరాల చివర గడ్డలు కట్టడం, వాటి నుండి అసహజమైన సంకేతాలు వెలువడడం కనుగొన్నారు. అవయవం కోల్పోయిన మనుష్యులను వేధించే బాధతో వారు దానిని పోల్చారు. స్వీడన్, నార్వే వంటి దేశాలు ఈ పద్ధతిని నిషేధించాయి. పరిశ్రమ కష్టనష్టాలు వేరు. ఇంటిలో ముద్దుకు పెంచుకొనే పక్షికి ఆ బాధ కలిగించవలసిన అగత్యం మనకు లేదు.

నిత్య సంరక్షణ

ఇక ఆచరణలోనికి వద్దాము. ముక్కును సహజమైన కొలతలో నిలుపడానికి ఖరీదైన వస్తువులు అక్కరలేదు. వాటిలో అధికభాగం మన పల్లెలోనే దొరుకుతాయి.

మేత: కొర్రలు, సామలు, వరిగలు, సజ్జలు బడ్జెరిగార్‌కు అనుకూలమైన గింజలు. కొర్రలనే ఉర్దూలో కంగ్నీ అంటారు. హైదరాబాదు పక్షుల దుకాణాలలో అడుగవలసిన పేరు అదే. వీటిలో నూనె తక్కువ. పొద్దుతిరుగుడు గింజలను నిత్యాహారంగా కాక, చేతికి మచ్చిక చేసుకొనేటప్పుడు ఒకటి రెండు ఇచ్చే బహుమానంగా మాత్రమే వాడాలి. గింజలను నానబెట్టి మొలకెత్తించి ఇస్తే మరీ మంచిది. మొలకలు పులిసి వాసన వస్తే పారవేయాలి.

కూరలు: తోటకూర, మునగాకు, కొత్తిమీర, క్యారెట్, పండిన గుమ్మడి ముక్కలు విటమిన్ 'ఎ' లోపాన్ని తీర్చుతాయి. చిలుకకు పండుమిరపకాయ పెట్టే మన పెద్దల అలవాటు చాల గొప్పది. మనకు మంట పుట్టించే క్యాప్సైసిన్ పక్షుల నాడులను బాధించదని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు కోడి నాడీకణాల గ్రాహకం మీద పరీక్ష చేసి నిరూపించారు. అందుచేత ఎర్రమిరపలోని పోషకాలు దానికి దక్కుతాయి, కారం మాత్రం తగులదు. ఆకుకూరలను బాగా కడగడం తప్పనిసరి. ఉప్పు వేసినవి, టీ, చాక్లెట్, అవకాడో పండు ఎన్నడూ పెట్టరాదు. మేతను ఒక్కరోజులో మార్చివేయరాదు. తెలియని మేతను పక్షి ముట్టక పస్తుండి చనిపోగలదు. కొన్ని వారాల పాటు పాత మేతలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి.

కొమ్మలు: పంజరంలోని ప్లాస్టిక్ పుల్లలు తీసివేసి వేప, జామ కొమ్మలు బెరడుతో సహా అమర్చాలి. ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉండాలి. పక్షి బెరడు కొరుకుతుంది, ముక్కు రాసుకొంటుంది. కాళ్ళకు కూడ వ్యాయామం కలుగుతుంది. బెరడు అయిపోతే కొమ్మ మార్చాలి. మన ప్రాంతంలో ఒక జాగ్రత్త ముఖ్యం. ప్రత్తిచేను గట్టు మీది చెట్టు కొమ్మలు తేరాదు. వాటి మీద పురుగుమందు పడి ఉంటుంది. ముక్కు అరుగుతుందని గరుకు కాగితం చుట్టిన పుల్లలు కొందరు అమ్ముతారు. అవి ముక్కును కాదు, పాదాలను పుండ్లు చేస్తాయి.

సముద్రపు నురుగు: నాటువైద్యుల దుకాణాలలో ఈ పేరుతో, ఉర్దూలో సముందర్ ఝాగ్ అనే పేరుతో దొరికే తెల్లని బిళ్ళ నిజానికి నురుగు కాదు. అది కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి పెంకు; అందులో అధికభాగం సున్నపు పదార్థం. కడిగి ఆరబెట్టి మెత్తని వైపు పక్షికి ఎదురుగా ఉండేటట్లు కట్టాలి. ముక్కును అరగదీసేది ఇదేనని చాలమంది భావిస్తారు. దీని ముఖ్యప్రయోజనం సున్నము అందించడం. అరుగుదలకు దీనికంటె కొమ్మ, బెరడు మేలు.

పని: గింజలు గిన్నెలో పోసి ఊరుకోరాదు. కొర్రకంకిని కంకిగానే వ్రేలాడదీయాలి. లేత మక్కకంకిని పొత్తుతో సహా కట్టాలి. పక్షి చీల్చుకొని, పెకలించుకొని తింటుంది. పిచ్చుకల కోసం మన పెద్దలు చూరుకు వరికంకుల కుచ్చులు కట్టేవారు. ఆ కుచ్చు పంజరంలో కట్టినా ఇదే ప్రయోజనం సిద్ధిస్తుంది.

ఎండ, ఎగురుట: ప్రొద్దుటి లేత ఎండ ఇరువది నిమిషాలు నేరుగా సోకాలి. కిటికీ అద్దం విటమిన్ 'డి'కి కావలసిన కిరణాలను అడ్డుకొంటుంది గనుక అద్దం వెనుక ఎండ చాలదు. పంజరంలో సగం తప్పక నీడలో ఉండాలి. రోజుకొకసారి తలుపులు మూసి, ఫ్యాను ఆపి, పక్షిని గదిలో ఎగరనీయాలి. క్రొవ్వు పట్టని కాలేయమే చక్కని ముక్కుకు మొదటి పూచీ.

నెలసరి పరీక్ష

పక్షి ఆరోగ్యంగా ఉన్నపుడే దాని తలను ప్రక్క నుండి ఒక ఛాయాచిత్రం తీసి ఉంచుకోవాలి. నెలకొకసారి అదే తీరున మరొకటి తీసి పోల్చి చూడాలి. ముక్కు సహజమైన కొలత జాతికొక తీరుగా ఉంటుంది. కనుక ఇతర పక్షుల కంటె, దాని పూర్వరూపంతో పోల్చడమే మేలు. వంటింటి చిన్న త్రాసు మీద వారానికొకసారి బరువు చూచి పుస్తకంలో వ్రాయాలి. ముక్కు నునుపుగా, రెండు వైపులా సమంగా ఉన్నదా, మచ్చలు, పొక్కులు, చీలికలు ఉన్నాయా, గింజ పొట్టు చక్కగా ఒలుస్తున్నదా, రెట్ట రంగు మారిందా – ఈ నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. పక్షి తన జబ్బును దాచుకొంటుంది; బలహీనత బయటపడితే శత్రువు పట్టుకొంటుందన్నది దాని సహజ స్వభావం. అది ఈకలు ఉబ్బించి కూర్చున్నదంటే జబ్బు ముదిరిందని అర్థం. ముక్కు మాత్రం చాల ముందుగానే విషయం చెబుతుంది.

ఒక చట్టపు మాట

ఇంతవరకు చెప్పినది విదేశీ జాతుల పెంపుడు పక్షుల గురించి. మన రామచిలుకను పంజరంలో ఉంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. 2022లో జరిగి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ తరువాత అది రెండవ షెడ్యూలులో ఉన్నది. తెలియక ఎవరింటనైనా రామచిలుక ఉంటే ముక్కు కోయించడం, రెక్క కత్తిరించడం మాని అటవీశాఖవారికి తెలియజేయాలి. తలుపు తెరిచి వదలిపెడితే సరిపోతుందనుకోరాదు. ముక్కు పెరిగి, రెక్కలు కత్తిరింపబడిన పక్షి బయట రెండు రోజులు కూడ బ్రతుకలేదు. దానికి మళ్ళీ ఎగరడం, మేత వెదకడం అలవడేవరకు సంరక్షణ అవసరం.

ముగింపు

చెట్టు మీది చిలుకకు ముక్కు ఎవరు కోస్తున్నారన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. చెట్టే కోస్తున్నది. బెరడు, కంకి, తొర్ర, ఎండ, ఎగిరిన దూరం – ఇవన్నీ కలిసి రోజుకొక వెంట్రుక మందాన కోస్తున్నాయి. పక్షిని చెట్టు నుండి వేరుచేసి పంజరంలో ఉంచిన నాడే చెట్టు చేసే పని మనం చేస్తామని ఒప్పుకొన్నట్లయినది. ఆ పని కత్తెరతో అయ్యేది కాదు.

మా ఇంట మిగిలిన మగపక్షికి ఆనాటి నుండి పొద్దుతిరుగుడు గింజలు మానిపించాము. పంజరంలో జామకొమ్మ, కొర్రకంకి చేరాయి. దాదీమా ప్రతి ఉదయం పెరటిలోని తోటకూర రెండాకులు కడిగి పెడుతుంది. దాని బరువు 36 గ్రాముల దగ్గర నిలిచి ఉన్నది. ఇంతవరకు దాని ముక్కుకు ఇనుము తగులలేదు. రాత్రి దీపం ఆర్పిన తరువాత వసారా నుండి కరకరమని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆడపక్షి పంజరంలో చివరి నెలలలో మాకు వినిపించనే లేదన్న సంగతి ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. అప్పుడు వినడం మాకు తెలియలేదు.

విద్యార్థి మిత్రులారా, మీ ఇంటిలో పంజరం ఉన్నట్లయితే ఈ రాత్రి కాసేపు చెవి ఒగ్గి వినండి. రేపు ఉదయం దాని ముక్కును ఒకసారి పరికించి చూడండి. కొలత తప్పినట్లు తోస్తే కత్తెర కోసం కాక, కారణం కోసం వెదకండి.